సర్వసన్నద్ధ వంటశాల

సర్వశాఖా సామర్థ్య శిక్షణ సంస్థ డైరెక్టరు విశ్వమోహనరావుగారు ముంబయిలో ఒక పెద్ద హోటలు వంటగది చూసి కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఆ సమయంలో అక్కడ పదిమంది కలిసి ఉల్లిపాయలు తరుగుతున్న మాట నిజమే. కానీ అవి ఉల్లిపాయల కన్నీళ్ళు కావనీ, ఆనందబాష్పాలనీ ఆయన తిరిగొచ్చాక ప్రతి సమావేశంలోనూ చెబుతూ వచ్చారు. డైరెక్టరు స్థాయి మనిషి తన కన్నీళ్ళ గురించి తానే స్వయంగా వివరణ ఇస్తున్నప్పుడు కిందివాళ్ళు కాదనడం మర్యాద కాదు. అందరూ ఆనందబాష్పాలేనని ఒప్పుకున్నారు.

ఇంతకీ ఆయన అక్కడ చూసిందేమిటంటే, పొయ్యి వెలిగించక ముందే సమస్తం సిద్ధంగా ఉండడం. తరిగిన ఉల్లి ఒక గిన్నెలో, అల్లం ఒక గిన్నెలో, కొత్తిమీర ఒక గిన్నెలో. కత్తులన్నీ ఒక వరస, గరిటెలన్నీ ఒక వరస. వంటవాడు చెయ్యి చాపితే చాలు, కావలసింది చేతికందుతోంది. ఎవరూ ఎవరినీ కేకెయ్యడం లేదు. ఎవరూ దేనికోసమూ వెతుక్కోవడం లేదు. తన సర్వీసులో ఏ ఆఫీసులోనూ ఇటువంటి దృశ్యం చూసి ఎరగని విశ్వమోహనరావుగారు చలించిపోయారు.

మన సంస్థ గోదావరి కాలువ గట్టున, కొబ్బరిచెట్ల మధ్య ఉంది. అన్ని శాఖల ఉద్యోగులూ విడతలు విడతలుగా వచ్చి అక్కడ సామర్థ్యం పెంచుకుని వెళుతుంటారు. వాళ్ళకక్కడ ఏం నేర్పుతారో బయటివాళ్ళకు సరిగ్గా తెలియదు, నేర్చుకున్నవాళ్ళకూ తెలియదు. భోజనం బాగుంటుందని మాత్రం రాష్ట్రమంతా తెలుసు. ఒకసారి శిక్షణ పొందినవాళ్ళు తమ సామర్థ్యం మళ్ళీ తగ్గిపోయిందని చెప్పుకుని రెండోసారి రావడానికి కారణం మెస్సులో మంగతాయారు పెట్టే పప్పేనని మెస్సు సూపరింటెండెంటు దొరబాబు గట్టి నమ్మకం.

దొరబాబు పెళ్ళి చేసుకోలేదు. ఇల్లు కట్టుకోలేదు. ప్రమోషను మీద రాజధానికి రమ్మంటే వెళ్ళలేదు. ఈ మూడింటికీ జనం రకరకాల కారణాలు చెప్పుకునేవారు గాని, అసలు కారణం ఒక్కటే. మధ్యాహ్నం పన్నెండున్నరకి పొగలు కక్కే అన్నంలో మంగతాయారు పప్పు వేసుకుని, పైన చెంచాడు నెయ్యి పోసుకుని, పోపులో వేగిన ఎండుమిరపకాయ నంజుకుంటూ తినడం ఆ మనిషి జీవితానికి కేంద్రం. మిగతా జీవితమంతా దాని చుట్టూ ఎలాగో ఒకలా సర్దుకునేది.

ముంబయి నుంచి వచ్చిన మర్నాడే డైరెక్టరుగారు మెస్సు వంటగదిలో అడుగుపెట్టారు. ఆ క్షణాన మంగతాయారు పప్పుకు పోపు పెడుతోంది. మనిషి పొడగరి, మాట పెళుసు. మూకుట్లో నూనె కాగింది, ఆవాలు చిటపటమంటున్నాయి. ఆమె కుడిచేత్తో గరిటె తిప్పుతూ, కిటికీలోంచి ఎడంచెయ్యి బయటికి చాపి, గోడవారనున్న చెట్టు నుంచి కరివేపాకు రెమ్మ ఒకటి పుటుక్కున తుంచింది.

"ఆగండి!" అన్నారు డైరెక్టరుగారు.

"ఆగితే ఆవాలు మాడిపోతాయండి," అని మంగతాయారు రెమ్మ దూసి మూకుట్లో వేసింది.

డైరెక్టరుగారు కిటికీ వైపు, మూకుడు వైపు మార్చి మార్చి చూశారు. "నూనె కాగిన పిమ్మట కరివేపాకు నిమిత్తం అన్వేషణ! ఒకవేళ ఆ చెట్టుకు ఆకు లేదనుకోండి? ఒకవేళ కిటికీ మూసి ఉందనుకోండి? ఇది వంట కాదు, సాహసకృత్యం. పూర్వసన్నద్ధత బొత్తిగా కొరవడిన వ్యవస్థలో మనం ఇంతకాలం భోజనం చేశామన్నమాట. దొరబాబుగారూ, మీ అభిప్రాయం?"

దొరబాబుకి ఇలాంటి సందర్భాల్లో చెప్పడానికి ఒక వాక్యం ఉంది. అంతకుముందు ఒక డైరెక్టరుగారు కుర్చీలన్నీ తూర్పుకు తిప్పించినప్పుడూ, ఇంకొకాయన తెల్లవారుజామున అందరిచేతా శీర్షాసనం వేయించినప్పుడూ, మరొకాయన ఆవరణ నిండా వెదురు నాటించినప్పుడూ ఆ వాక్యమే చెప్పాడు. కుర్చీలు మళ్ళీ ఎటువాళ్ళు అటు తిప్పేసుకున్నారు. తలలు పైకొచ్చాయి. వెదురు గేదెలు మేసేశాయి. వాక్యం మాత్రం చెక్కుచెదరలేదు.

"నేనూ ఎప్పట్నుంచో అదే అనుకుంటున్నానండి," అన్నాడు దొరబాబు.

"భేష్," అన్నారు డైరెక్టరుగారు. "అయితే మన పూర్వసన్నద్ధతా కార్యక్రమానికి మీరే సంచాలకులు."

ఉన్నమాట చెప్పుకోవాలి. మొదటి వారం కార్యక్రమం బ్రహ్మాండంగా నడిచింది. కూరలు పొద్దున్నే తరిగి గిన్నెల్లో సర్దేవారు. పప్పు ముందే కడిగి నానబెట్టేవారు. గరిటె కోసం గరిటెతో కొట్టుకునే గొడవ తప్పింది. భోజనం పావుగంట ముందే సిద్ధమైంది. మంగతాయారు సైతం, "ఇదేదో బానే ఉందండి, గొంతు చించుకునే పని లేకుండా," అని ఒప్పుకుంది. అక్కడితో ఆపి ఉంటే విశ్వమోహనరావుగారి పేరు ఆ మెస్సులో కలకాలం నిలిచిపోయేది. కానీ బాగున్నదాన్ని బాగున్నచోట వదిలెయ్యడానికి ప్రత్యేకంగా సంస్థ ఎందుకు, డైరెక్టరు ఎందుకు?

రెండో వారంలో సన్నద్ధతాధికారి అని ఒక కొత్త ఉద్యోగి వచ్చాడు. పేరు హేమసుందర్. అంతకుముందు సర్వే శాఖలో పొలాలు కొలిచేవాడట. జేబులో టేపు, చేతిలో సుద్దముక్క. అతను వచ్చీరాగానే వంటగది గోడల మీద ప్రతి గరిటెకూ, ప్రతి అట్లకాడకూ దాని ఆకారంలో నల్లరంగు గీత గీయించాడు. ఏ వస్తువైనా దాని గీతలోనే ఉండాలి. అది బాగానే ఉందనుకుంటే, అరుగు మీద వంకాయలకూ గీయించాడు. మర్నాడు బజారు నుంచి వచ్చిన వంకాయలు ఆ గీతల్లో పట్టలేదు. మంగతాయారు అడిగితే, గీతలకు తగిన వంకాయలు ఎంచి తెచ్చుకోవడం కూడా సన్నద్ధతలో భాగమేనన్నాడు.

ఆ తరువాత వస్తువులన్నిటినీ అక్షరక్రమంలో పేర్చాడు. అల్లం, ఆవాలు, ఇంగువ ఒక కొసన తలుపు పక్కన. శనగపప్పు రెండో కొసన, అంట్లు తోమే తొట్టి దగ్గర. ఎండుమిరపకాయలు ఎండులో పెట్టాలా మిరపలో పెట్టాలా అని రెండ్రోజులు చర్చ జరిగి, చివరికి సగం అక్కడ సగం ఇక్కడ పెట్టారు.

ఇంత జరిగాక హేమసుందర్ దృష్టి పొయ్యి పక్కనున్న పోపులడబ్బా మీద పడింది. గుండ్రటి ఇత్తడి డబ్బా. లోపల చిన్న చిన్న గిన్నెలు. మంగతాయారు ఆ మెస్సులో చేరిన రోజున ఇంటి నుంచి తెచ్చుకున్నది. మూత తీస్తే ఆవాలు, మినప్పప్పు, శనగపప్పు, జీలకర్ర, మెంతులు, ఎండుమిరపకాయలు, మధ్యలో ఇంగువ.

"ఇన్ని పదార్థాలకు ఒకే చిరునామానా?" అన్నాడు హేమసుందర్ అదిరిపడి. "ఒక పదార్థం, ఒక స్థానం. ఇది మన మూలసూత్రం. ఆవాలకు ఆ వరసలో స్థానం కేటాయించాక ఇక్కడ కూడా ఆవాలుంటే ఆవాలు నిజంగా ఎక్కడున్నట్టు? దొరబాబుగారూ, దీన్ని స్వాధీనం చేసుకోండి."

దొరబాబు డబ్బా వైపు చూశాడు, మంగతాయారు వైపు చూడలేకపోయాడు.

"తీసుకోండి దొరబాబుగారూ," అంది మంగతాయారు నెమ్మదిగా. ఆవిడ అరిస్తే దొరబాబు తట్టుకునేవాడు. నెమ్మదిగా మాట్లాడడం ఎప్పుడూ వినలేదు. "మీరే కదండీ సంచాలకులు."

"నేను భద్రంగా దాస్తానక్కా. కొన్నాళ్ళే. ఇలాంటియి ఎన్ని చూళ్ళేదు? వెదురు తోటలాగే ఇదీ పోద్ది."

"ఎదురంటే గేదెలు మేశాయండి. ఈయన్నెవరు మేస్తారు?"

దొరబాబు డబ్బాని తన గదిలో బీరువాలో పెట్టి తాళం వేశాడు. నాటి నుంచీ ఆ బీరువాలోని కాగితాలన్నీ ఇంగువ వాసన వేసేవి. రాజధానికి పంపిన జీతాల కాగితాలు కూడా. అక్కడి గుమాస్తాలు ఎందుకోగాని మన సంస్థ జీతాలు మాత్రం భోజనం వేళకు ముందే పాస్ చేసి పంపేస్తున్నారని చెప్పుకునేవారు.

ఇక పోపు పెట్టాలంటే మంగతాయారు నూనె కాగబెట్టి, తలుపు దగ్గర ఆవాలు అందుకుని, నడిమధ్యన జీలకర్ర అందుకుని, తొట్టి దగ్గరికి పరిగెత్తి శనగపప్పు పట్టుకొచ్చేది. వచ్చేసరికి నూనె పొగలు కక్కుతుండేది. ఆవిడ పరుగు చూసి డైరెక్టరుగారు, "చురుకుదనం పెరిగింది, గమనించారా?" అని దొరబాబుని అడిగారు. దొరబాబు గమనించానన్నాడు.

మూడో విడత సంస్కరణ పచ్చజెండా. సమస్తం సిద్ధంగా ఉందని హేమసుందర్ స్వయంగా చూసి, గార్డు రైలుకి ఊపినట్టు పచ్చజెండా ఊపితే తప్ప పొయ్యి వెలిగించకూడదు. హేమసుందర్ పని దొంగ కాదు. అల్లం దగ్గర మొదలుపెట్టి ప్రతి గిన్నెలోకీ తొంగిచూస్తూ, గీత దాటినదాన్ని సర్దుతూ, ఓపిగ్గా ముందుకు సాగేవాడు. శనగపప్పు దగ్గరికి చేరేసరికి ఇటు కొత్తిమీర వాడిపోయేది. వాడిన కొత్తిమీర సిద్ధంగా ఉన్న కొత్తిమీర కింద లెక్క రాదు. కొత్త కట్ట తెప్పించి మళ్ళీ అల్లం దగ్గర మొదలుపెట్టేవాడు. ఈసారి తరిగిన వంకాయ నల్లబడేది. పన్నెండున్నర భోజనం రెండయింది, నాలుగయింది. చివరికి మధ్యాహ్న భోజనం రాత్రి భోజనాన్ని దారిలో కలుసుకుని, రెండూ ఒకటైపోయాయి.

ఉప్పు చూడడం కూడా ఆగిపోయింది. మంగతాయారు పులుసు చుక్క అరచేతిలో వేసుకుని నాలిక్కి రాసుకోబోతుంటే హేమసుందర్ వారించాడు. ముందే కొలిచి పెట్టిన ఉప్పు మీద అనుమానపడడమంటే సన్నద్ధత మీదే అనుమానపడడమట. ఆ రాత్రి పులుసు నోట పెట్టుకున్న రెవెన్యూ ఉద్యోగులు తెల్లారేదాకా కుండలో నీళ్ళు ఖాళీ చేస్తూనే ఉన్నారు. మర్నాటి నుంచి క్లాసు మధ్యలో ఒక్కొక్కరే లేచి, కాలువ వంతెన దాటి బజ్జీల బండి దగ్గర చేరేవారు.

దొరబాబు వంతెన దాటలేదు. అతనికి బజ్జీ పడదు. అరటిపళ్ళు తిని, నీళ్ళు తాగి, పన్నెండున్నరకి అలవాటుగా నోట్లో ఊరే నీళ్ళు మింగి, ఒకరోజు ధైర్యం చేసి డైరెక్టరుగారి గదిలోకి వెళ్ళాడు.

"భోజనం కొంచెం ఆలస్యమవుతోందండి."

"భోజనం అనేది ఫలితం, దొరబాబుగారూ," అన్నారు విశ్వమోహనరావుగారు జాలిగా. "మనది ఫలితాల సంస్థ కాదు. సామర్థ్యాల సంస్థ."

"ఆకలేస్తోందంటున్నారండి."

"సిద్ధంగా ఉన్నారన్నమాట. సంతోషం."

దొరబాబు వరండాలోకి వచ్చాడు. తన పాత వాక్యం గుర్తొచ్చింది. మొదటి రోజున ఆ ఒక్క ముక్క అనకుండా ఉండి ఉంటే అనుకుని, అన్నా అనకపోయినా ఇదే జరిగేదని సర్దిచెప్పుకుని, అలా సర్దిచెప్పుకున్నందుకు తనని తానే తిట్టుకున్నాడు.

అసలు పిడుగు ఆ నెలాఖరు సమీక్షా సమావేశంలో పడింది. డైరెక్టరుగారు బల్ల మీద చేతులాన్చి, గంభీరంగా మొదలుపెట్టారు. "మన వంటశాల ప్రతిదినం ఒక దశలో సంపూర్ణ సన్నద్ధతకు చేరుకుంటోంది. ప్రతి గిన్నే నిండుగా, ప్రతి గరిటే గీతలో. చూడడానికి రెండు కళ్ళూ చాలవు. కానీ కొద్ది గంటలకే గిన్నెలు ఖాళీ! గరిటెలకు మడ్డి! అరుగంతా తొక్కలు! సన్నద్ధత సున్నాకు పడిపోతోంది. ఈ మధ్యకాలంలో అక్కడ ఏమి జరుగుతున్నది?"

అందరూ తమ తమ కాగితాల్లోకి చూసుకున్నారు. టీలు అందించడానికి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డ మంగతాయారు ఉండబట్టలేకపోయింది.

"వంట జరుగుతుందండి," అంది.

"అదీ!" డైరెక్టరుగారు బల్ల చరిచారు. "మన సన్నద్ధతకు ప్రధాన అవరోధం వంట. ఇంతకాలం మన కళ్ళెదుటే ఉండి మనకు కనిపించలేదు."

వచ్చే నెలలో సంస్థలో రాష్ట్రస్థాయి సన్నద్ధతా సదస్సు జరగబోతోంది. అప్పటిదాకా వంట నిలిపివెయ్యాలనీ, వంటశాలను యథాతథంగా సందర్శకులకు చూపాలనీ, సదస్సు తరువాత దాన్ని శాశ్వత నమూనాగా ప్రకటించాలనీ తీర్మానించారు. ఆ తీర్మానం తోకలో ఇంకో చిన్న మాట ఉంది. వంట జరగని వంటశాలకు వంటమనిషి అనవసరం గనక, సదస్సు అయిన మర్నాడు ఆ పోస్టు రద్దవుతుంది. మంగతాయారుని కొండల్లో ఉన్న శాఖ గిడ్డంగికి, గోనెసంచులు సర్దే పనికి పంపిస్తారు.

ఆ సాయంత్రం దొరబాబు వంటగదికి వెళ్ళాడు. పొయ్యి చల్లగా ఉంది. పిల్లి ఒకటి దాని మీద పడుకుని నిద్రపోతోంది. మంగతాయారు తడిగుడ్డతో ఏదో తుడుస్తోంది.

"ఏం చేస్తున్నావక్కా?"

"వంకాయలకి మొహం కడుగుతున్నానండి. రేపు సూడ్డానికి ఎవరో వత్తారంట."

దొరబాబు బల్ల మీద కూలబడ్డాడు. "నిన్ను పంపనివ్వనక్కా. నేను మాట్లాడతాను."

"ఏం మాట్లాడతారండీ? నేనూ ఎప్పట్నుంచో అదే అనుకుంటున్నాను అంటారా?"

ఆ మాట తగలవలసిన చోట తగిలింది. దొరబాబు మొహం చిన్నబుచ్చుకున్నాడు. అది చూసి మంగతాయారు కొంచెం మెత్తబడింది.

"నాకు గోనెసంచులంటే బయం లేదండి. పొద్దున్న లేచి పొయ్యెలిగించకపోతే చేతులు నాయి కానట్టుంటన్నాయి. అంతే. ఆ డబ్బా బాగుందా?"

"బాగుందక్కా. బీరువాలోనే ఉంది."

"మూత గట్టిగా నొక్కండి. ఇంగువ గాలికి పోద్ది."

సదస్సు రోజు రానే వచ్చింది. ముఖ్య అతిథిగా రాజధాని నుంచి వసుంధరాదేవిగారు వచ్చారు. ఆవిడ కింద ఇలాంటి సంస్థలు బోలెడున్నాయి. ఆవిడ తల పంకిస్తే పథకం, తల అడ్డంగా ఊపితే సమాధి. రిటైరవడానికి దగ్గరపడ్డ మనిషి, బొద్దుగా, నిదానంగా ఉన్నారు. అన్ని సంస్థల నుంచీ ప్రతినిధులొచ్చారు. వంటశాల గుమ్మానికి రిబ్బను కట్టారు. అరుగు ముందు మంగతాయారు నిలబడవలసిన చోట రెండు పాదాల గుర్తులు వేసి ఉంటే, ఆవిడ వాటిలో పాదాలు పెట్టి, కొత్త తెల్లచీరలో బొమ్మలా నిలబడింది. గిన్నెలు మెరుస్తున్నాయి. వంకాయలు నిగనిగలాడుతున్నాయి. ప్రతినిధులు గుసగుసగా మాట్లాడుకుంటూ, ఏదీ తాకకుండా చేతులు వెనక్కి కట్టుకుని తిరిగారు.

విశ్వమోహనరావుగారు ముంబయి ఆనందబాష్పాల దగ్గర మొదలుపెట్టి ఉపన్యాసం చేశారు. ఆ తరువాత హేమసుందర్ టేపు చూపించి ఉపన్యాసం చేశాడు. వచ్చినవాళ్ళలో చాలామంది తమ సంస్థల్లోనూ ఈ విధానం అమలు చేస్తామని ఉపన్యాసాలు చేశారు. ఒంటిగంట దాటింది. రెండు కూడా కావస్తోంది.

"చాలా బాగుంది," అన్నారు వసుంధరాదేవిగారు వాచీ చూసుకుని. "ఇక భోజనాలకి లేద్దామా?"

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. భోజనాల సంగతి వంటశాల చూసుకుంటుందని కార్యక్రమ సంఘం అనుకుంది. వంటశాల ప్రదర్శనలో ఉంది గనక భోజనాల సంగతి కార్యక్రమ సంఘం చూసుకుంటుందని వంటశాల అనుకుంది. ఇంతటి పూర్వసన్నద్ధతలో ఎవరికీ అన్నం గుర్తు రాలేదు.

"అన్నీ సిద్ధంగా ఉన్నాయి మేడమ్," అన్నారు డైరెక్టరుగారు.

"అయితే వడ్డించమనండి."

"సిద్ధంగా ఉన్నాయి అంటే... వండడానికి సిద్ధంగా ఉన్నాయి మేడమ్."

"మరి ఎప్పుడు వండుతారు?"

డైరెక్టరుగారు ఇబ్బందిగా కదిలారు. "వండితే సిద్ధంగా ఉండవు మేడమ్."

వసుంధరాదేవిగారు మళ్ళీ వాచీ చూసుకున్నారు. "బాబూ, నేను పొద్దున్న చీకటితో ఒక ఇడ్లీ తిని బయల్దేరాను. నాకు షుగరు. వేళకి తినకపోతే కళ్ళు తిరుగుతాయి," అన్నారు. అని, దగ్గర్లో ఉన్న బల్ల మీద కూర్చుండిపోయారు. ఆవిడ ముఖం పాలిపోయింది.

ఎవరో ఒక చాక్లెట్టు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టారు. హేమసుందర్ వైపు డైరెక్టరుగారు చూశారు. హేమసుందర్ అల్లం వైపు చూశాడు. ఆ గడబిడలో దొరబాబు ఎప్పుడు బయటికెళ్ళాడో ఎవరూ గమనించలేదు. తన గదికి పరిగెత్తి, బీరువా తెరిచి, ఇత్తడి డబ్బా చంకనపెట్టుకుని వచ్చి మంగతాయారు ముందు అరుగు మీద ఠక్కున పెట్టాడు.

"పొయ్యెలిగించక్కా."

మంగతాయారు డబ్బా వైపు చూసింది. హేమసుందర్ చేతులు చాచి అడ్డం వచ్చాడు. "ఇంకా పరిశీలన కాలేదు! పచ్చజెండా ఊపలేదు! ఇప్పుడు పొయ్యి వెలిగిస్తే ఇన్నాళ్ళ..."

దొరబాబు ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఎవరి మాటకీ అడ్డం చెప్పినవాడు కాదు. అలాంటివాడు హేమసుందర్ చేతిలో జెండా లాక్కుని, తానే ఊపేశాడు. ఊపి, దాన్ని ఏం చెయ్యాలో తెలియక మంగతాయారు చేతికిచ్చాడు. మంగతాయారు దాన్ని రెండు మడతలు పెట్టి మసిగుడ్డలా భుజాన వేసుకుంది. పాదాల గుర్తుల్లోంచి బయటికి అడుగువేసింది. పిల్లిని పొయ్యి మీంచి దించింది.

తరువాత జరిగింది అక్కడున్నవాళ్ళు చాలాకాలం చెప్పుకున్నారు. ఒక పొయ్యి మీద ఎసరు, ఇంకో పొయ్యి మీద పప్పు. నిగనిగలాడే ఆ వంకాయలు క్షణాల్లో నాలుగు పక్షాలై నూనెలో పడ్డాయి. మంగతాయారు అటూ ఇటూ తిరుగుతూ కేకలు వేస్తోంది. "ఆ నీళ్ళందుకోండి! ఆ పళ్ళెం ఇలా పడేయండి! టేపాయనా, ఊరికే నిలబడకుండా ఆ చింతపండు పిసకండి!" హేమసుందర్ చింతపండు పిసికాడు. మూకుట్లో నూనె కాగింది. డబ్బా మూత తెరుచుకుంది. ఆవిడ చూడకుండానే వేళ్ళతో ఒక్కొక్కటీ తీసి వేసింది. చిటపటలు మొదలయ్యాయి. కిటికీలోంచి చెయ్యి బయటికి చాపి కరివేపాకు రెమ్మ తుంచింది. పప్పులో పోపు పడ్డ చప్పుడికి, లేచిన ఆ వాసనకి సదస్సు మొత్తం లేచి నిలబడింది.

వడ్డన పూర్తయ్యేదాకా ఎవరూ ఉపన్యాసం చెయ్యలేదు. వసుంధరాదేవిగారు మొదటి ముద్ద తిని కళ్ళు మూసుకున్నారు. రెండోసారి పప్పు వేయించుకున్నారు. విశ్వమోహనరావుగారు మూడోసారి వేయించుకున్నారు. దొరబాబు ఒక మూల నిలబడి, నెలన్నర తరువాత వేడి అన్నం నోట్లో పెట్టుకుని, కళ్ళు తుడుచుకున్నాడు. అక్కడ ఎవరూ ఉల్లిపాయలు తరగడం లేదు.

భోజనమయ్యాక వసుంధరాదేవిగారు నేరుగా మంగతాయారు దగ్గరికొచ్చారు. "ఇంత తక్కువ టైములో ఇంతమందికి! దీనికేదో పద్ధతి ఉండాలమ్మా. ఏమిటి నీ పద్ధతి? చెప్పు. రాష్ట్రమంతా పెట్టిద్దాం."

ఆ మాటతో డైరెక్టరుగారి జేబులోంచి పెన్ను బయటికొచ్చింది. హేమసుందర్ చింతపండు చేతులతోనే టేపు తీసి, ఇత్తడి డబ్బా చుట్టుకొలత పట్టడం మొదలుపెట్టాడు. "నేనూ మొదటి నుంచీ గమనిస్తూనే ఉన్నాను మేడమ్," అంటున్నారు డైరెక్టరుగారు. "ఈ పేటికలో ఒక సమగ్ర దార్శనికత..."

మంగతాయారు కళ్ళు వెలిగాయి. ఆ ప్రశ్న ఇన్నేళ్ళలో ఎవరూ ఆవిణ్ణి అడగలేదు. పవిటచెంగుతో చేతులు తుడుచుకుని, "అదేమీ లేదండి, ముందుగా..." అని మొదలుపెట్టింది.

దొరబాబుకి ఒక్కసారిగా ముందున్నదంతా కళ్ళకు కట్టింది. డబ్బా చుట్టూ నల్లరంగు గీత. డబ్బా మీద సదస్సు. డబ్బా మూత తియ్యడానికి పచ్చజెండా. రాష్ట్రంలో ప్రతి మెస్సులోనూ ఒక డబ్బా, దాన్ని ముట్టుకోకుండా కాపలాకి ఒక అధికారి. మంగతాయారు ఊరూరా తిరుగుతూ డబ్బా మీద ఉపన్యాసాలిస్తుంటే, ఇక్కడ పొయ్యి మీద మళ్ళీ పిల్లి.

"పద్ధతేం లేదండి!" అన్నాడు దొరబాబు గట్టిగా.

అందరూ అతని వైపు తిరిగారు.

"ఉత్త అదృష్టం అండి. ఆయ్. ఒకరోజు కుదురుద్ది, ఒకరోజు కుదరదు. ఇన్నేళ్ళుగా చూస్తున్నాను కదండీ. ఎందుకు కుదురుద్దో ఆవిడకీ తెలీదు. ఇయ్యాళ మీ అదృష్టం బాగుంది, కుదిరింది."

మంగతాయారు తెరిచిన నోరు మూసుకుని, దొరబాబు వైపు కొరకొరా చూసింది. విశ్వమోహనరావుగారు పెన్నుకి నెమ్మదిగా క్యాపు పెట్టారు. "పునరావృతికి అవకాశం లేని అంశమన్నమాట," అన్నారు నిరుత్సాహంగా. హేమసుందర్ టేపు చుట్టేశాడు.

"అదృష్టమైతే మరీ మంచిది," అన్నారు వసుంధరాదేవిగారు. దొరబాబు వైపు ఒక రకంగా చూసి, పెదవి కొసన నవ్వు ఆపుకున్నట్టు కనిపించారు. "అదృష్టాన్ని కదపకూడదు. డైరెక్టరుగారూ, ఈవిణ్ణీ, ఈ డబ్బానీ ఇక్కణ్ణుంచి అంగుళం కదపకండి. మీ సన్నద్ధతని ఇంకెక్కడికైనా మార్చుకోండి."

విశ్వమోహనరావుగారు దాన్ని గ్రంథాలయానికి మార్చుకున్నారు. అక్కడిప్పుడు పుస్తకాలన్నీ వాటి వాటి గీతల్లో అద్భుతంగా ఉన్నాయట. చదవడానికి తియ్యనివ్వడం లేదు. చదువరులెవరూ ఫిర్యాదు చెయ్యలేదు.

మర్నాడు పన్నెండున్నరకి దొరబాబు స్నానం చేసినంత శ్రద్ధగా చేతులు కడుక్కుని, మెస్సులో తన చోట కూర్చున్నాడు. వంటగదిలోంచి చిటపటలు వినిపించాయి. కరివేపాకు వాసన గుప్పుమంది. మంగతాయారు వచ్చి, అతని పళ్ళెంలో అన్నం పెట్టింది, పప్పు పోసింది. పొద్దుటి నుంచీ ఆవిడ అతనితో ఒక్క మాట మాట్లాడలేదు. దొరబాబు పళ్ళెంలోకి చూశాడు. పక్కవాళ్ళ పళ్ళేల్లోకి చూశాడు. వాళ్ళ పప్పులో ఆవాలున్నాయి, ఎండుమిరపకాయలున్నాయి. తన పప్పు పచ్చగా, నున్నగా, బోసిగా ఉంది.

"పోపేదక్కా?"

"ఉత్త అదృష్టం దొరబాబుగారూ," అంది మంగతాయారు. "ఆయ్. ఒకరోజు పడుద్ది, ఒకరోజు పడదు. ఎందుకో నాకూ తెలీదు."

గరిటె ఊపుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. దొరబాబు తలొంచుకుని ఆ బోసి పప్పే కలుపుకున్నాడు. అన్నం వేడిగా, చెయ్యి కాలేంత వేడిగా ఉంది.